షాంపూ లేకుండా డ్రెడ్‌లాక్స్ కడగాలంటే ఇంట్లో ఉన్నవాటిలో ఏది మంచిది?

మీరు రాసినదాన్ని బట్టి మీ డ్రెడ్‌లాక్స్‌కు, అంటే పాయలు పాయలుగా పెనవేసుకుపోయిన జటలకు, ఏడాదిన్నర వయసు, అవి భుజాల దాకా దిగాయి, షాంపూ వాడిన ప్రతిసారీ ఒకటి రెండు రోజులు మాడు దురద పెడుతోంది. అందుకని షాంపూ మానేసి, ఇంట్లో ఉన్న బేకింగ్ సోడా, వెనిగర్, కుంకుడుకాయలు, గిన్నెలు తోమే లిక్విడ్, కలబంద, నిమ్మకాయల్లో దేనితోనైనా తల కడుక్కోవచ్చా అని అడిగారు. కడుక్కోవచ్చు. కుంకుడు రసాన్నీ వెనిగర్‌నూ నిశ్చింతగా వాడమంటాను. సోడా, గిన్నెల లిక్విడ్ ఎప్పుడో ఒకసారి, జాగ్రత్తగా వాడుకోవచ్చు. కలబంద, నిమ్మ జటలకు వద్దు. ఎన్నో ఏళ్లుగా నా జటలతో పాటు ఇతరుల జటలూ కడుగుతూ, విప్పుతూ, పాడైనవాటిని కత్తిరిస్తూ వస్తున్నాను కాబట్టి కారణాలతో సహా వివరంగా రాస్తాను. కారణం తెలియకుండా పాటించే చిట్కా ఎక్కడో ఒకచోట దెబ్బతీస్తుంది.

విడి జుట్టుకు బాగా పనిచేసే వస్తువులు చాలా వరకు జటలకు పనికిరావు. విడి జుట్టులో ఏదైనా మిగిలిపోతే దువ్వెనకు వస్తుంది, తువ్వాలుకు అంటుతుంది, లేదా తర్వాతి తలస్నానంలో పోతుంది. జటలో మిగిలినది అక్కడే ఉంటుంది. మనిషి తల నుంచి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఊడడం మామూలే; జటలు కట్టిన తలలో అవి కూడా కింద పడవు, పక్క వెంట్రుకలతో పెనవేసుకుని జటలోనే ఉండిపోతాయి. ఊడిన వెంట్రుకనే వదలని అల్లిక పిండి రేణువునూ సబ్బు తెట్టునూ ఎందుకు వదులుతుంది? అందుకే ఏ వస్తువు గురించి అడిగినా నేను మొదట చూసేది దాని మురికి వదిలించే శక్తిని కాదు. నీళ్లు పోస్తే అది పూర్తిగా బయటికి వచ్చేస్తుందా అన్నదే చూస్తాను.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. తలకు వాడాలనుకున్న ద్రవాన్ని, వాడబోయే పలచదనంలోనే కలిపి, పాత అద్దం మీద రెండు మూడు చుక్కలు వేసి ఆరనివ్వండి. పోల్చుకోవడానికి పక్కనే ఉత్త కుళాయి నీటి చుక్క కూడా వేయండి. ఆరాక వేలితో తడమండి. తెల్ల వెనిగర్ కలిపిన నీటి చుక్క దాదాపు కుళాయి నీటి మరకలాగే ఉంటుంది. సోడా చుక్క తెల్లని పొడి వదులుతుంది, కానీ తడి వేలు తగలగానే ఆ పొడి కరిగిపోతుంది. సబ్బు నీటి చుక్క ఆరాక వేలికి జిడ్డుగా తగిలే మసక పొర కడుతుంది. కలబంద గుజ్జు పెళుసుగా ఎండి అంచుల దగ్గర పైకి లేస్తుంది. పిండి కలిపిన నీళ్లయితే గోరుతో గీకితే తప్ప రాదు. ఆ అద్దం మీద కనిపించినదే జట నడిమధ్యలోనూ జరుగుతుంది. అక్కడికి మీ గోరు వెళ్లదు.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం. మీ జాబితాలో నాకు అన్నిటికంటే నచ్చినది కుంకుడుకాయ. ఎందుకంటే అందులో నిజంగా మురికిని వదిలించే పదార్థం ఉంది. కాయ పైతొక్కలో ఉండే సపోనిన్లు షాంపూలోని రసాయనాల లాగే జిడ్డును నీటిలో కలిసేలా చేస్తాయి. రసం కొద్దిగా ఆమ్ల గుణంతోనే ఉంటుంది కాబట్టి వెంట్రుక పైపొర దెబ్బతినదు. కఠిన జలంలో సబ్బు కట్టినట్టు తెట్టు కట్టదు. జటలకు ఇంతకంటే అనుకూలమైన గుణాలు ఇంటి వస్తువుల్లో దొరకవు. అయితే పొడి వాడకండి. మార్కెట్లో దొరికే కుంకుడు పొడి, శీకాయ పొడి ఎంత మెత్తగా ఉన్నా రేణువులు రేణువులే. అవి జటలోకి వెళితే ఏళ్ల తరబడి బయటికి రావు. గింజలు తీసేసిన ఎనిమిది పది కాయల తొక్కలను అర లీటరు నీటిలో పావుగంట సన్నని మంట మీద మరిగించి, చల్లారాక బాగా పిసికి, మెత్తని నూలుగుడ్డను రెండు మడతలు వేసి వడకట్టండి. అడుగున మిగిలే మడ్డిని వంపకుండా పైన తేరిన రసాన్నే తీసుకోండి. శీకాయ కూడా అంతే, కాయలు మరిగించి వడకట్టిన నీళ్లయితే ఫర్వాలేదు. ఈ రసాలు నిలవ ఉండవు. ఫ్రిజ్‌లో పెట్టినా మూడు నాలుగు రోజులకు మించి ఉంచుకోకండి, పులిసిన వాసన వస్తే పారబోయండి. రసం కంట్లో పడితే విపరీతమైన మంట పుడుతుంది కాబట్టి తల వెనక్కి వాల్చి పోసుకోవడం మంచిది. మొదటిసారి వాడుతుంటే ముందురోజు మోచేతి మడతలో కొద్దిగా రాసి చూడండి. కొందరి చర్మానికి పడదు.

వెనిగర్ మురికిని కడగదు. ఈ ముక్క ముందే చెబుతున్నాను, ఎందుకంటే వెనిగర్ నీళ్లు పోసుకుని తల శుభ్రమైందనుకునేవాళ్లు చాలామంది. దాని పని వేరు. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం వదిలిన పొరను అది కరిగిస్తుంది, క్షారం తగిలి లేచిన వెంట్రుక పైపొరను మళ్లీ అణచి ఉంచుతుంది, జటలో మొదలైన ముక్కవాసనను తగ్గిస్తుంది. లీటరు నీటికి రెండు టేబుల్‌స్పూన్లు, అంటే సుమారు 30 మిల్లీలీటర్లు చాలు. తల కడిగాక చివర పోసుకుని, రెండు మూడు నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో కడిగేయండి. సీసా మీద ఆమ్లం 4 నుంచి 5 శాతం అని ఉందో లేదో చూడండి. శుభ్రపరచడానికి అమ్మే గాఢమైన రకాలు చర్మాన్ని కాలుస్తాయి. మామూలు వెనిగర్‌ను సైతం నీళ్లు కలపకుండా నేరుగా మాడుకు రాయకూడదు. యాపిల్ సైడర్ వెనిగరే కావాలని పట్టుబట్టాల్సిన పని లేదు. అడుగున మడ్డి తేలే వడకట్టని రకం కంటే, స్ఫటికంలా తేటగా ఉండే తెల్ల వెనిగర్ జటలకు నయం. వాసన గురించి దిగులు పడకండి. ఎసిటిక్ ఆమ్లం ఆవిరైపోయే గుణం ఉన్నది, జట పూర్తిగా ఆరితే వాసనా పోతుంది. రెండో రోజు కూడా వెనిగర్ వాసన వస్తోందంటే జట లోపల ఇంకా తడి ఉందని అర్థం.

బేకింగ్ సోడా దగ్గర కొంచెం ఆగాలి. డ్రెడ్‌లాక్స్ ఉన్నవాళ్లలో దీనికి ఉన్నంత పేరు మరిదేనికీ లేదు, దీనివల్ల పాడైనన్ని జటలు నేను మరిదేనివల్లా చూడలేదు. పేరు ఊరికే రాలేదు. మాడు మీది నూనెలో ఉండే కొవ్వు ఆమ్లాలతో సోడా కలిసి వాటిని నీటిలో కరిగేలా చేస్తుంది, చెమట వాసనను విరిచేస్తుంది, నీళ్లు పోస్తే బయటికి వచ్చేస్తుంది. పైగా సోడా నీళ్లతో కడిగిన కొత్త జటలు త్వరగా బిగుసుకుంటాయి. మొదటి కొన్ని నెలల్లో ఇది ఎంతో ఆనందంగా ఉంటుంది. కానీ ఆ బిగింపు ఎలా వస్తోందో చూడండి. వెంట్రుక సహజ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) సుమారు 3.67, మాడు చర్మానిది 5.5 ప్రాంతం, సోడా ద్రావణానిది 8.3 దగ్గర. పీహెచ్ కొలతలో ఒక్కో అంకెకు పది రెట్ల తేడా. అంత క్షారం తగిలినప్పుడు వెంట్రుక ఉబ్బి, దాని మీది పొలుసులు పైకి లేచి, ఒక వెంట్రుకకు మరొకటి గరుకుగా రాసుకుంటుంది. ఆ రాపిడే మనకు బిగింపుగా కనిపిస్తుంది. నీళ్లు ఎక్కువ కలిపితే సరిపోతుందిగా అని అడుగుతారు. సోడా విషయంలో ఆ ఉపాయం పెద్దగా పనిచేయదు. పలచన చేసినా ద్రావణం పీహెచ్ దాదాపు అక్కడే ఉంటుంది. తగ్గేది తగిలే సోడా పరిమాణం మాత్రమే.

విడి జుట్టు ఉన్నవాళ్లు చివర్లు కత్తిరించుకుంటూ ఉంటారు కాబట్టి ఈ నష్టం వాళ్ల చేతికి రాకముందే నేల మీద పడిపోతుంది. జటలను ఎవరూ అలా కత్తిరించరు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుందనుకుంటే, 60 సెంటీమీటర్ల జట కొస నాలుగేళ్ల కిందటిది. ఆ నాలుగేళ్లలో మీరు చేసిన ప్రతి సోడా స్నానమూ ఆ కొసకు తగిలింది. వారం వారం సోడాతో కడిగిన జటను రెండు వేళ్ల మధ్య వంచి చూడండి. పైన గరుకు నార, లోపల చిన్నగా చిట్లుతున్న స్పర్శ తెలుస్తుంది. వంచిన చోట తెగిన పొట్టి వెంట్రుకలు పొడిగా పైకి లేస్తాయి. అది మొదట్లో కనిపించదు, మూడో ఏటనో నాలుగో ఏటనో జట సన్నబడి తెగిపోవడం మొదలయ్యాక తెలుస్తుంది. అందుకని సోడా అంటే నా లెక్క ఇది: రోజువారీ కడుగుడుకు వద్దు, ఏడాదికి రెండు మూడుసార్లు లోతుగా కడగడానికి మాత్రం సరే. రంగు వేసిన జుట్టుకూ, ఇప్పటికే పొడిబారి తెగుతున్న జటలకూ అది కూడా వద్దు.

ఆ లోతైన కడుగుడు ఎలా చేయాలంటే, జటలు మునిగేంత పెద్ద బేసినులో గోరువెచ్చని నీళ్లు తీసుకుని లీటరుకు ఒక టేబుల్‌స్పూను చొప్పున సోడా వేసి, ఒక్క రేణువు కూడా కనిపించకుండా కరిగించండి. జటలను మాత్రమే అందులో పది, పదిహేను నిమిషాలు నానబెట్టండి. మాడును ముంచకండి. తర్వాత ఒక్కో జటను కుదురు నుంచి కొస దాకా పిండుతూ మంచినీళ్లతో కడిగి, ఆఖరున వెనిగర్ నీళ్లు పోసి, మళ్లీ కడగండి. బేసినులో నీళ్లు గోధుమరంగుకు తిరిగితే చాలామంది కంగారు పడి, ఇంత మురికి ఉందా అని మళ్లీ మళ్లీ నానబెడతారు. ఆ రంగంతా మురికి కాదు. పాత హెయిర్ ప్రొడక్టులు, నూనె, వేసుకున్న రంగు ఉంటే అదీ కలిసి నీటిని అలా మారుస్తాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా నానబెట్టడం లక్ష్యంగా పెట్టుకుంటే వెంట్రుక పాడవుతుంది. ఒక్కసారి చాలు.

సోడా, వెనిగర్ కలిపి పోస్తే బుసబుస పొంగుతుంది, చూడడానికి బాగుంటుంది. కానీ క్షారమూ ఆమ్లమూ ఒకదాన్నొకటి తినేసి మిగిలేది కార్బన్ డయాక్సైడ్ బుడగలు, సోడియం ఎసిటేట్ అనే లవణం, నీళ్లు. తలను కడిగేది అందులో ఏదీ లేదు. రెండూ వాడాలంటే ముందు సోడా, పూర్తిగా కడిగేశాక వెనిగర్, ఈ వరుస తప్పకూడదు.

గిన్నెలు తోమే లిక్విడ్ గురించి నేను చెప్పేది కొందరికి ఆశ్చర్యంగా ఉంటుంది. కఠిన జలం ఉన్న ఇంట్లో సబ్బు ముక్కకూ, సహజమైనదని అమ్మే నూనె సబ్బు ద్రవానికీ, గిన్నెల లిక్విడ్‌కూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేను మూడోదే ఎంచుకుంటాను. దానిలో నురుగుకు వాడే పదార్థాలు షాంపూలో వాడేవాటి జాతివే. అవి కఠిన జలంలో కూడా కరిగి బయటికి పోతాయి. సబ్బు అలా కాదు. నూనెనూ క్షారాన్నీ కలిపి చేసిన ఏ సబ్బయినా, అది ఎంత స్వచ్ఛమైనదైనా, నీటిలోని కాల్షియంతో కలిసి కరగని తెట్టు కడుతుంది. స్నానాల గదిలో బకెట్టు గోడలకు పట్టే తెల్లటి జిగురు అదే. అది జటలోకి వెళితే బూడిదరంగు మైనంలా పేరుకుంటుంది. అలాగని గిన్నెల లిక్విడ్‌ను అలవాటు చేసుకోకండి. జిడ్డును అది అవసరానికి మించి లాగేస్తుంది. జటలకు నూనె ఎక్కువ పట్టించి జిగురుగా అయినప్పుడు, అర లీటరు నీటిలో ఒక టీస్పూను కలిపి, ఒక్కసారి కడిగి వదిలేయండి. మీకు మాత్రం దురద ఉంది కాబట్టి అదీ వద్దంటాను. షాంపూలో చర్మానికి పడనివి సాధారణంగా సువాసన ద్రవ్యాలు, నిలవ ఉంచే రసాయనాలు. గిన్నెల లిక్విడ్‌లో కూడా ఆ రెండూ ఉంటాయి. బట్టలు ఉతికే పొడి, లిక్విడ్ ఎవరికీ ఎప్పుడూ వద్దు. వాటిలోని గట్టి క్షారాలు, ఎంజైములు తలకు ఉద్దేశించినవి కావు.

కలబంద మాడుకు హాయిగానే ఉంటుంది. కానీ అద్దం మీద చూశారు కదా, ఎండి పొర కడుతుంది. మాడు మీద వేలితో పలచగా రాసి, పది నిమిషాల్లో కడిగేస్తే సరే. జటల పొడవునా పట్టించకండి. ఆకు కోసినప్పుడు కారే పసుపు రసాన్ని పూర్తిగా కార్చేయాలి, దానివల్ల కూడా దురద వస్తుంది. నిమ్మరసంలో ఆమ్లం వెనిగర్ నీళ్లకంటే ఘాటు, తొనల పీచు జటలో చిక్కుకుంటుంది, నిమ్మజాతి రసం ఉన్న చర్మం మీద ఎండ పడితే కాలినట్టు మచ్చలు, బొబ్బలు రావచ్చు. వెనిగర్ చేతిలో ఉండగా నిమ్మకాయ అవసరమే లేదు.

మీరు అడగకపోయినా ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి: శనగపిండి, మెంతిపిండి, ముల్తానీ మట్టి, కోడిగుడ్డు, పెరుగు, తేనె జటల దగ్గరికి రానీయకండి. విడి జుట్టుకు వీటి సంగతి ఏమైనా, జటలో ఇవి కుళ్లే తిండి. కొబ్బరి నూనెతో కడగడమనే మాట కూడా విన్నాను. 24 డిగ్రీలకు దిగువన గడ్డకట్టే నూనె జట మధ్యలోకి వెళ్లి దుమ్మును పట్టి ఉంచుతుంది, నాళ్లు గడిస్తే ముక్కిపోతుంది. మైనం వాడమని ఎవరైనా అంటే వినకండి. తేనెమైనం కరగడానికి 60 డిగ్రీలు దాటాలి, అంత వేడి నీళ్లు మాడు భరించలేదు. టీ ట్రీ నూనెను నేరుగా మాడుకు రాయడం అలర్జీని కొని తెచ్చుకోవడమే.

ఏ ద్రవం ఎంచుకున్నా, కడిగే తీరు సరిగ్గా లేకపోతే ఫలితం ఉండదు. సన్నని ముక్కు ఉన్న ప్లాస్టిక్ సీసా ఒకటి సంపాదించండి. కుంకుడు రసాన్ని దానిలో పోసి, జటల మధ్య కనిపించే మాడు మీద గీతలు గీసినట్టు వదలండి. జటల మీద విడిగా పోయనక్కర్లేదు. మాడు మీది నురుగు కిందికి దిగుతూ జటలను కడగడానికి సరిపోతుంది. అంతకు ముందు గోరువెచ్చని నీళ్ల కింద జటలు లోపలి దాకా తడవాలి. పొడి జటలో పడిన ద్రవం పడినచోటే ఇంకి ఆగిపోతుంది, పూర్తిగా తడిసిన జటలో నీటితో కలిసి జారిపోతుంది. గోళ్లతో గీరకుండా వేళ్ల కొసలతో మాడును చిన్న చిన్న అడుగులుగా కదపండి. కుదుళ్ల దగ్గర గుండ్రంగా రుద్దితే కొత్తగా వచ్చిన జుట్టు చిక్కుపడి పక్క జటతో కలిసిపోతుంది. జటలు మొదలుపెట్టి ఇంకా కొన్ని నెలలే అయినవాళ్లు తల మీద పలచని వలటోపీ పెట్టుకుని, దాని మీద నుంచే ఒత్తుతూ కడిగితే జటలు విడిపోవు. కొత్తవాళ్లు నెలల తరబడి తల తడపకూడదన్న మాట నమ్మకండి. జిడ్డు ఉన్న వెంట్రుకలు జారిపోతాయి, శుభ్రమైన వెంట్రుకలే పట్టుకుంటాయి.

కడగడానికి మూడు నిమిషాలు పడితే, నీళ్లు పోయడానికి దానికి మూడింతలు పట్టాలి. గుప్పెట్లో మూడు నాలుగు జటలు పట్టుకుని, కుదురు దగ్గర నీళ్లు పోస్తూ కిందికి పిండుతూ రండి. కొస నుంచి కారే నీటిని అరచేతిలో పట్టి వేళ్ల మధ్య రుద్దండి. కొంచెం జారినట్టు అనిపించినా ఇంకా ఉందన్నమాట. మెడ వెనక, చెవుల వెనక జటల దగ్గర చాలామంది తొందరగా వదిలేస్తారు, దురద కూడా సాధారణంగా అక్కడే మొదలవుతుంది. తడిసిన జటల బరువు కుదుళ్ల మీద పడకుండా రెండో చేత్తో ఎత్తి పట్టుకోండి. నీటిలో నానిన వెంట్రుక ఎక్కువ సాగుతుంది, తేలిగ్గా తెగుతుంది. నుదుటి అంచున జుట్టు పలచబడుతున్నవాళ్లు ఇది మరీ గుర్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు ఆరబెట్టడం. కడగడంలో పొరపాటు జరిగితే దిద్దుకోవచ్చు, ఆరబెట్టడంలో జరిగితే చాలాసార్లు కత్తెరే గతి. వెంట్రుక తన బరువులో సుమారు 30 శాతం దాకా నీటిని లోపలికి పీల్చుకోగలదు, వెంట్రుకల మధ్య సందుల్లో నిలిచే నీరు దానికి అదనం. తడిసిన కంబళి లాగే జట కూడా పైన పొడిగా అనిపించాక చాలాసేపు లోపల తడిగా ఉంటుంది. అందుకని ఉదయమే కడగండి. నూగు రాలని తువ్వాలులో కొన్ని జటల చొప్పున చుట్టి, మెలితిప్పకుండా గట్టిగా ఒత్తండి. తువ్వాలు తడిసిపోతే పొడిది తీసుకోండి. గాలి తగిలేలా విడదీసి వదిలేయండి. హెయిర్ డ్రైయర్ వాడితే తక్కువ వేడి మీద, కుదుళ్ల వైపు ముందుగా పట్టండి. సన్న జటలు కొన్ని గంటల్లో ఆరతాయి. బొటనవేలంత లావువాటికి ఒక రోజంతా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అది చూసుకోవడానికి నేను చేసే పని ఒకటుంది: అన్నిటికంటే లావైన జటను మధ్యలో వేళ్లతో నొక్కి, ఆ చోటును కింది పెదవికి ఆనిస్తాను. చల్లగా తగిలితే లోపల నీళ్లు ఉన్నట్టే, ఆవిరయ్యే నీరే ఆ చల్లదనాన్ని ఇస్తుంది. అది పోయేదాకా జటలు ముడి వేయకండి, టోపీ పెట్టకండి, దిండు మీద తల వాల్చకండి.

జట లోపల ఏదో తెల్లగానో బూడిదగానో కనిపిస్తే వెంటనే బూజు అని భయపడవద్దు. దగ్గరగా వెలుతురులో చూడండి. సన్నని పోగుల్లా, ఒక్కోటి ఒక్కో రంగులో ఉంటే అది దుప్పటి నుంచో స్వెటర్ నుంచో వచ్చిన నూగు. అది ఏ కడుగుడుకూ పోదు, ఓపికగా పట్టకారుతో తీయాలి, ఇకముందు పడుకునేటప్పుడు నున్నని గుడ్డ కట్టుకోవాలి. వేళ్ల మధ్య వేడెక్కితే మెత్తబడి అంటుకుంటే అది సబ్బు తెట్టో మైనమో. తెట్టయితే వెనిగర్ నానబెట్టుడుతో కొంత వదులుతుంది, మైనం అంత తేలిగ్గా వదలదు. బూజును మాత్రం ముక్కు పసిగడుతుంది. పొడిగా ఉన్నప్పుడు వాసన లేకపోయినా, తడవగానే మూసిపెట్టిన తడిబట్ట వాసన గుప్పుమంటుంది. తొలి దశలో వెనిగర్ నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, కడిగి, డ్రైయర్‌తో పూర్తిగా ఆరబెడితే సర్దుకోవచ్చు. రెండు మూడుసార్లు చేశాక కూడా ఆ వాసన తిరిగి వస్తుంటే ఆ ఒక్క జటను వదులుకోవడమే మేలు.

మీ దురద సంగతికి వద్దాం. అది షాంపూ వల్ల కాక, మిగిలిపోయిన షాంపూ వల్ల కావడానికి అవకాశం ఎక్కువ. అందుకని షాంపూను శత్రువుగా చూడనవసరం లేదు. సువాసన, సిలికోన్ (జుట్టు నునుపు కోసం కలిపే పదార్థం) లేని తేటరకం షాంపూను ఒక టీస్పూను తీసుకుని గ్లాసుడు నీళ్లలో కలిపి, అదే ముక్కుసీసాతో వాడితే చాలామందికి దురద పోతుంది. చుండ్రు ఉంటే మాత్రం కథ వేరు. మాడు మీద సహజంగా ఉండే మలస్సీజియా అనే ఈస్ట్ అక్కడి కొవ్వును తిని పెరగడం వల్ల చుండ్రు వస్తుంది. దురదగా ఉందని నూనె రాస్తే దానికి మేత వేసినట్టే. కీటోకోనజోల్ లేదా జింక్ పైరిథియోన్ ఉన్న మందు షాంపూను మాడు మీద అయిదు నిమిషాలు ఉంచి కడిగితే అది అదుపులోకి వస్తుంది, వెనిగర్ ఆ పని చేయలేదు. జుట్టు గుండ్రంగా ఊడిన మచ్చలు, చీము, మందపాటి పసుపు పొలుసులు, మెడ వెనక గడ్డలు కనిపిస్తే ఏ ఇంటి వస్తువునూ ప్రయత్నించకుండా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి. మాడుకు పట్టే తామర (రింగ్‌వార్మ్) పైపూతలతో తగ్గదు, నోటి ద్వారా మందు వేసుకోవాలి.

మీ పరిస్థితికి నేను చెప్పే క్రమం ఇది. ఈ వారం సోడా ముట్టుకోకండి. ముందుగా ఉత్త గోరువెచ్చని నీళ్లతో పావుగంట సేపు, ఏమీ కలపకుండా, జటలను పిండుతూ కడగండి. పిండినప్పుడు నురుగు వస్తే పాత షాంపూ ఇంకా ఉందన్నమాట, దురదకు కారణం కూడా చేతికి చిక్కినట్టే. ఆపైన వెనిగర్ నీళ్లు పోసి, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. గోకి గోకి మాడు మీద పుండ్లు పడి ఉంటే మాత్రం వెనిగర్ మంట పుట్టిస్తుంది, అవి మానేదాకా ఉత్త నీళ్లే మేలు. తర్వాతి వారం నుంచి వారానికోసారి కుంకుడు రసం, మధ్యలో చెమట పడితే ఉత్త నీళ్లు, నెలకోసారి వెనిగర్ నీళ్లు. ఇలా ఒక నెల చేసి చూడండి. దురద తగ్గకపోతే, జటల మధ్య మాడును మంచి వెలుతురులో ఫొటో తీసి చూసుకుని, పొలుసులు ఏ రంగులో ఉన్నాయో, ఎక్కడెక్కడ ఎర్రబడిందో గుర్తించి రాయండి. దాన్ని బట్టి మందు షాంపూ కావాలో డాక్టరు కావాలో చెప్పవచ్చు.